బెత్తము పట్టని ఒజ్జ: డాన్ బోస్కో చరిత్రము

పూర్వకాలమున మన వీధిబడులలో కోదండము, గోడకుర్చీ, తొడపాశము మొదలైన శిక్షలు ఉండెడివి. దూలమునుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని పిల్లవాడు గాలిలో వ్రేలాడుచుండవలెను. చేయి జారినచో క్రింద పంతులుగారి బెత్తము సిద్ధముగా నుండెడిది. అదియే కోదండము. ఆ పంతుళ్లు క్రూరులు కారు. దండనమునకు పది గుణములు కలవను పాతమాటను నమ్మినవారు. పిల్లవానిని బడిలో వేయునపుడు తండ్రులు సయితము కన్నులు రెండును విడిచి తక్కిన దేహమంతయు పంతులుగారికే అప్పగించుచున్నామని చెప్పెడివారు. ప్రహ్లాదుని చదివించిన చండామార్కుల నాటినుండియు భయమే చదువునకు మూలమని లోకము అనుకొనుచు వచ్చినది. ఐరోపాఖండమునందలి పాఠశాలలును ఇంతకు భిన్నముగా లేవు. అట్టి కాలమున, ఇటలీ దేశమున, తండ్రిలేని ఒక పేదరైతు బిడ్డ పెరిగి పెద్దవాడై, వందలకొలది మొరటుపిల్లలను ఒక్క గృహమున చేర్చి, బెత్తము లేకయే వారిని పెంచవచ్చునని చేసి చూపెను. ఆయనయే డాన్ బోస్కో. డాన్ అనునది ఆ దేశమున కథోలిక గురువుల పేరునకు ముందు చేర్చు గౌరవపదము.

ఆయన పేరు జొవాన్ని. ఆంగ్లమున జాన్ అని చెప్పుదురు. 1815 ఆగస్టు 16వ తేదీన పీడ్మాంట్ సీమలో, టూరిన్ నగరమునకు కొన్ని కోసుల దూరముననున్న బెక్కి అను చిన్న పల్లెలో జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే, 1817లో, తండ్రి ఫ్రాంచెస్కో ఊపిరితిత్తుల జబ్బుతో మరణించెను. ఆ యేడే కరవు వచ్చెను. తల్లి మార్గెరీతా అక్షరములెరుగని స్త్రీ. ఇంటిలో ముగ్గురు మగపిల్లలు, మంచమున పడిన ముసలి అత్తగారు. పిల్లలలో పెద్దవాడైన ఆంతోనియో ఆమెకు సవతి కొడుకు. తినుటకు గింజ దొరకని ఒకనాడు ఆమె కొట్టములోని దూడను కోయించి ఇంటివారి ప్రాణములు నిలిపినది. పశువే సంపదయైన సేద్యగాండ్ర ఇంట ఆ పని యెంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. మరల వివాహము చేసికొనుమని, పిల్లలను వేరొకరి సంరక్షణలో ఉంచవచ్చునని కొందరు చెప్పగా ఆమె అంగీకరింపలేదు.

తొమ్మిదవ యేట బాలునకు ఒక కల వచ్చెను. ఇంటిముందటి వాకిట పిల్లలనేకులు కేకలు వేయుచు, బూతులు తిట్టుకొనుచు పోట్లాడుచుండిరి. ఇతడు పిడికిళ్లు బిగించి వారిమీదికి దూకెను. అంతట తేజోవంతుడైన ఒక పురుషుడు కనబడి, వీరిని గెలువవలసినది దెబ్బలతో కాదు, మెత్తదనముతోనని బోధించెను. తెల్లవారి ఈ కలను ఇంటిలో చెప్పగా, తమ్ముడు మేకల కాపరివి కాగలవని ఒక అన్న, దొంగల నాయకుడవు కాగలవని ఆంతోనియో, గురువువు కాగలవేమోనని తల్లి తలకొక విధముగా ఫలము చెప్పిరి. కలలను లక్ష్యపెట్టరాదని ముసలి అవ్వ తేల్చివేసెను. లోకజ్ఞానమునకు అవ్వమాటయే సరియైనదైనను బోస్కో మాత్రము ఆ కలను కడవరకు మరువలేదు.

సంతలలో దొమ్మరివారు చేయు విద్యలను ఆ బాలుడు శ్రద్ధగా చూచి, పడుచు లేచుచు తానును నేర్చుకొనెను. ఆదివారమున రెండు చెట్లకు త్రాడుకట్టి దానిపై నడచుచు, గారడీలు చేయుచు ఊరివారిని పోగుచేసెడివాడు. ఈ వేడుకకు రుసుము డబ్బు కాదు. ముందుగా అందరును జపమాల చెప్పవలెను. ఆ యుదయమున గుడిలో గురువు చెప్పిన ప్రసంగమును ఇతడు తిరిగి చెప్పగా వినవలెను. ఒల్లనివారు లేచిపోవచ్చును. కాని అట్టివారికి త్రాటిమీది నడక చూచు భాగ్యము లేదు.

ఆంతోనియోకు తమ్ముని చదువు గిట్టలేదు. అన్నము తినుచు పుస్తకము చూచువాడు సేద్యమునకు పనికిరాడని అతని పట్టు. ఇంటిలో కలహము పెరుగుటచే తల్లి 1828లో పండ్రెండేండ్ల కొడుకును కన్నీటితో ఇల్లు వెడలించి, వేరొక గ్రామమున మోలియా వారి పొలమున పాలేరుగా చేర్చవలసి వచ్చెను. అక్కడ రెండేండ్లకు కొంచెము తక్కువగా పనిచేసెను. పిదప కలోస్సో అను వృద్ధగురువు ఇతని జ్ఞాపకశక్తికి మెచ్చి లాటిను నేర్పనారంభించెను. తండ్రిని ఎరుగని పిల్లవానికి ఆయన తండ్రియయ్యెను. కాని ఒక్క సంవత్సరము తిరిగినంతనే, 1830లో, ఆ వృద్ధుడు హఠాత్తుగా మరణించెను. మరణసమయమున తన డబ్బున్న పెట్టె తాళపుచెవిని బాలుని చేతికిచ్చెను. చావుపడకపై ఇచ్చిన సొత్తు, అడుగు సాక్షి లేడు. బాలుడు దానిని వారసులకు అప్పగించి వట్టిచేతులతో ఇంటికి వచ్చెను.

1831లో కియేరి పట్టణపు పాఠశాలలో చేరునప్పటికి ఆయనకు పదునారేండ్లు. పసిపిల్లల బల్లపై కూర్చుండవలసి వచ్చెను. దర్జీపని, వడ్రంగము, చెప్పులు కుట్టుట మొదలైన పనులను అందిన చోటనెల్ల నేర్చుకొనెను. ఒక కాఫీ దుకాణమున పనిచేయుచు, మెట్లక్రింద కాళ్లు చాచుటకు చాలని ఇరుకుచోట నిద్రించుచు చదువుకొనెను. 1832లో తోటి విద్యార్థులతో కలసి ఆనందసమాజమను ఒక కూటమి స్థాపించెను. దాని నియమములు రెండే: క్రైస్తవునకు తగని మాట గాని పని గాని చేయరాదు, బడిపనిని, దేవుని పనిని తప్పక నెరవేర్చవలెను. మిగిలిన కాలమంతయు ఆటపాటలే. ముఖము ముడుచుకొని కూర్చుండువానికి అందు తావు లేదు.

అయినను ఆయన పుట్టుకతో శాంతుడని తలచరాదు. లూయీజీ కొమొల్లో అను బక్కపలుచని మిత్రుని కొందరు పిల్లలు కొట్టుచుండగా చూచి సహింపలేక, చేతికి కఱ్ఱ దొరకనందున, గుంపులోని ఒకనిని భుజములు పట్టి యెత్తి వానితోనే తక్కినవారిని బాదెను. దెబ్బలు తిన్న కొమొల్లోయే పిదప ఆయనను చాటునకు పిలిచి, దేవుడు బలమిచ్చినది తోటివారిని కొట్టుటకు కాదని మెల్లగా మందలించెను. ఈ సంగతిని బోస్కో తన స్మృతులలో దాచక వ్రాసికొనెను. బెత్తము విడువవలెనని చెప్పినవాడు చేతిలో బలము లేనివాడు కాడు. తన కోపమును ప్రతిదినము అణచుకొనుచు వచ్చినవాడు. ఆయన పద్ధతికి విలువ వచ్చినది ఇందువలననే.

1835లో కియేరిలోనే గురువిద్యాలయమున చేరెను. అచ్చటి పెద్దలు మంచివారే. కాని సెలవులకు వెళ్లునపుడు, తిరిగి వచ్చునపుడు, తప్పుచేసినపుడు తప్ప వారిని విద్యార్థులు కలిసికొను అలవాటు లేదు. వారిలో ఎవరైన వచ్చుచున్నచో పిల్లలు చెదరిపోయెడివారు. తాను గురువైన పిమ్మట పిల్లల నడుమనే ఉండవలెనను కోరిక ఆ దూరమును చూచియే ఆయనలో బలపడెను.

1841 జూన్ 5వ తేదీన గురుపట్టము పొంది, టూరిన్ నగరమున కఫాస్సో అను గురువు మార్గదర్శకత్వమున ఉండెను. ఆయన వెంట చెరసాలలకు పోవుచుండగా పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల లోపు పిల్లలు అక్కడ నల్లులనడుమ, ఆకలితో, పనిలేక పడియుండుట చూచెను. విడుదలయైన వారిలో పలువురు కొలది దినములకే తిరిగి వచ్చుచుండిరి. బయట వారిని పలుకరించు దిక్కు లేకపోవుటయే కారణమని ఆయన గ్రహించెను. ఆ కాలమున టూరిన్ పెరుగుచున్న నగరము. పల్లెలనుండి తాపీపనికి, పొగగొట్టములు ఊడ్చుటకు చిన్నపిల్లలు వచ్చి వీధులలో తిరుగుచుండిరి. జైలునకు చేరిన పిదప సంస్కరించుట కంటె చేరకముందే చేయి పట్టుకొనుట సులువుకదా యను ఆలోచన ఆయనకు అచ్చట పుట్టెను.

1841 డిసెంబరు 8వ తేదీ మరియమాత పండుగదినము. పూజకు వస్త్రములు ధరించుచుండగా ఆ గదిలోనికి ఒక పిల్లవాడు తొంగిచూచెను. పూజకు సాయము చేయుమని గుడి పరిచారకుడు అడిగెను. తెలియదని పిల్లవాడు చెప్పెను. తెలియనివాడవు ఇచటికేల వచ్చితివని పరిచారకుడు దుమ్ముదులుపు కఱ్ఱతో వానిని కొట్టి తరిమెను. బోస్కో కేకవేసి, అతడు తన స్నేహితుడనియు, వెంటనే వెనుకకు పిలువవలెననియు పట్టుబట్టెను. వణకుచు వచ్చిన వాని పేరు బర్తొలొమేయో గరెల్లి; పదునారేండ్ల అనాథ; తాపీపనివాడు. చదువువచ్చునా, వ్రాయవచ్చునా, పాడవచ్చునా అని అడిగిన ప్రతిదానికి రాదనియే చెప్పెను. ఈలవేయుట వచ్చునా అని అడుగగా మాత్రము పిల్లవాడు నవ్వెను. రానివాటి పట్టికను అంతటితో చాలించి, వచ్చినదానితో మొదలుపెట్టిన చదువది. పూజ ముగిసిన పిమ్మట ఆ గదిలోనే జ్ఞానోపదేశపు మొదటి పాఠము జరిగెను. మరుసటి ఆదివారము వాడు మరికొందరిని తీసికొని వచ్చెను.

ఆ కూటమికి ఆరటోరియో అని పేరు. ప్రార్థనాస్థలమని అర్థమైనను, అందు ప్రార్థనతోపాటు చదువు, పాట, ఆట సమపాళ్లలో ఉండెడివి. పిల్లలు వందలసంఖ్యకు పెరిగిన కొలది చోటు దొరకుట గగనమయ్యెను. అల్లరి భరింపలేమని ఒకరు, తొక్కిడికి గడ్డివేళ్లు సయితము చచ్చినవని పొలము యజమానులు వెళ్లగొట్టిరి. పెద్ద భవనములు, కర్మశాలలు కట్టుదునని ఆయన చెప్పు మాటలు విని మతి చలించినదని కొందరు నిశ్చయించిరి. ఇద్దరు గురువులు షికారు నెపమున ఆయనను పిచ్చాసుపత్రికి చేర్చుటకు బండి తెచ్చిరి. సంగతి గ్రహించిన ఆయన మర్యాదగా వారినే ముందెక్కనిచ్చి, తలుపు వేసి, ఆసుపత్రికి తోలుమని బండివానితో చెప్పెను. తుదకు 1846 ఏప్రిల్ 12న, ఈస్టరు పండుగనాడు, నగరపు అంచున వల్దొక్కో అనుచోట పినార్డి అనునతని పాకలో ఆరటోరియో స్థిరపడెను. కప్పు తలకు తగులుచుండుటచే నేలను త్రవ్వి పల్లము చేయవలసి వచ్చెను.

ఆ వేసవిలో ఆయన జబ్బుపడి మరణపుటంచు వరకు పోయెను. దినమంతయు ఇటుకలు మోయు పిల్లలు ఉపవాసములుండి ఆయన ప్రాణమునకై ప్రార్థించిరి. కోలుకొనిన పిమ్మట నవంబరులో తల్లిని వెంటబెట్టుకొని కాలినడకను టూరిన్ చేరెను. మార్గెరీతాకు అప్పటికి ఏబది యెనిమిదేండ్లు. తన పెండ్లిచీరను, బంగారమును ఆ పిల్లలకొరకే వెచ్చించెను.

మొదట ఆశ్రయమిచ్చిన కొందరు పిల్లలు తెల్లవారునప్పటికి దుప్పట్లతో సహా మాయమైరి. మరియొకరైనచో తలుపు మూసివేసెడివారు. 1847 మే మాసమున ఒక వానరాత్రి తడిసి ముద్దయిన అనాథ బాలుడొకడు తలుపు తట్టగా తల్లీకొడుకులు మరల తెరచిరి. పొయ్యిదగ్గర బట్టలారబెట్టి, అన్నముపెట్టి, వంటగదిలోనే పడక వేసిరి. నిద్రించుటకు ముందు ఆమె వానికి పనిని గూర్చియు, నమ్మకమును గూర్చియు నాలుగు మంచిమాటలు చెప్పినది. తరువాత బోస్కో పాఠశాలలన్నిటను రాత్రి పడుకొనుటకు ముందు పెద్దవారు పిల్లలందరితో రెండు నిమిషములు ఆప్యాయముగా మాటాడు ఆచారమునకు ఇదియే మొదలని చెప్పుదురు. ఆమెయు ఒకనాడు విసిగినది. పిల్లలు కూరగాయల మడులను తొక్కి పాడుచేయగా, పల్లెకు పోయెదనని కొడుకుతో చెప్పినది. ఆయన బదులాడక గోడపైనున్న సిలువను చూపెను. ఆమె మరల వంటపనిలో పడి, 1856 నవంబరులో మరణించువరకు అచ్చటనే ఉండెను.

పనినేర్చు పిల్లలను యజమానులు కొట్టుట, ఇంటిచాకిరి చేయించుట చూచి బోస్కో వారితో కాగితముపై ఒడంబడికలు వ్రాయించుకొనసాగెను. 1852 ఫిబ్రవరిలో ఒక వడ్రంగి మేస్త్రితో ముద్రకాగితముపై వ్రాయించిన పత్రము నేటికిని నిలిచియున్నది. గడువు రెండేండ్లు. పిల్లవానికి వృత్తినే నేర్పవలెను, దానికి సంబంధింపని పని చెప్పరాదు, తప్పుచేసిన మాటతోనే దిద్దవలెను, దెబ్బతో కాదు, పండుగదినములలో విడువవలెను, ఏటికి పదునైదు దినముల సెలవు ఇయ్యవలెను, కూలి క్రమముగా పెంచవలెను. దయను గూర్చి ఉపన్యసించువారు అనేకులు కలరు. దానిని షరతుల రూపమున వ్రాసి, యజమానిచే సంతకము చేయించినవారు ఆ కాలమున అరుదు. పత్రములు వ్రాయుట వృత్తిగా గలవారు ఈ కాగితమును చూచిన ముచ్చటపడక మానరు.

1853 మొదలుకొని చెప్పులు కుట్టుట, దర్జీపని, పుస్తకముల అట్టకట్టు, వడ్రంగము, ముద్రణము, కమ్మరము ఒక్కొక్కటిగా తన ఆవరణలోనే నెలకొల్పెను. చదువున చురుకైనవారికి లాటినుతో కూడిన ఉన్నతపాఠశాల తరగతులు పెట్టి, అందు పెరిగిన యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసి, విశ్వవిద్యాలయ పరీక్షలకు పంపెను. డబ్బు మాత్రము ఎన్నడును చాలలేదు. లాటరీలు నడిపెను, ధనికుల గుమ్మములు తొక్కెను, అప్పు తీర్చుటకు అప్పుచేసెను. జమాఖర్చు వ్రాయువారెవరును మెచ్చుకొనదగిన పద్ధతి కాదది.

పాఠశాలను పిల్లల చేతనే బాగుచేయించుట ఆయన నేర్పు. 1854లో చేరిన దొమినిక్ సావియో పండ్రెండేండ్ల బాలుడు. ఇద్దరు సహపాఠులు రాళ్లతో తలలు పగులగొట్టుకొనుటకు సిద్ధపడగా, చేత సిలువ పట్టుకొని నడుమ నిలిచి, మొదటి రాయి తనపై వేయవలసినదని కోరెను. వారి చేతులు వాలిపోయెను. ఈ బాలుడే పునీతుడు కావలెనని పడకలో రాళ్లు పరచుకొనుట, చలికాలమున పలుచని దుప్పటి కప్పుకొనుట ఆరంభింపగా బోస్కో గట్టిగా నివారించెను. చదువు చదువుట, సంతోషముగా ఉండుట, తోటివారికి సాయపడుట, ఇంతకు మించిన తపస్సు పిల్లలకు వలదని శాసించెను. 1856లో సావియో తన మిత్రులతో ఒక చిన్నసంఘము కట్టెను. క్రొత్తగా వచ్చి దిగులుపడువానిని, ఎవరికిని కొరుకుడుపడని పెంకివానిని ఒక్కొక్క సభ్యుడు తన స్నేహితునిగా చేసికొనుట దాని పని. సావియో పదునైదు నిండకయే 1857 మార్చి 9న మరణించెను. 1854లో టూరిన్ నగరమున కలరా చెలరేగినపుడు ఈ పాఠశాల పిల్లలు 40 మందికి పైగా ముందుకు వచ్చి, చేతులు వెనిగారుతో కడుగుకొనుచు రోగులకు పరిచర్య చేసిరి. వారిలో ఒక్కనికిని ఆ జబ్బు తగులలేదు.

మైకేల్ మగోనే చరిత్ర మరియొక విధమైనది. 1857లో కార్మాన్యోలా రైలుస్టేషనువద్ద ఒక పోకిరి గుంపునకు నాయకుడుగా బోస్కోకు కనబడినాడు. పాఠశాలకు వచ్చి నెలదినములు ఆటలలో విజృంభించి, పిదప మూలకూర్చుండి ఏడ్వసాగెను. ఇతరుల ఆనందము చూచిన కొలది తన గతము వానిని బాధించెను. బోస్కో నిర్బంధింపలేదు, గ్రుచ్చి గ్రుచ్చి అడుగలేదు, ప్రక్కన నిలిచెను. పిల్లవాడు తానుగా వచ్చి పాపసంకీర్తనము చేసి మనసు తేలిక చేసికొనెను. పిల్లవాని మౌనమును సయితము కనిపెట్టవలసినవాడు గురువని ఆయన మతము.

1859లో ఈ పనికై శలేసియను సభను స్థాపించెను. 1863లో మిరబెల్లో గ్రామమున టూరిన్ వెలుపలి మొదటి పాఠశాల తెరచి, ఇరువదియారేండ్ల మైకేల్ రువాను దానికి పెద్దగా పంపుచు ఒక లేఖ వ్రాసి యిచ్చెను. భయముకంటె ప్రేమను సంపాదింపవలెనని, ఆటవేళ పిల్లలలో ఉండవలెనని, చెప్పవలసిన మంచిమాట ఒంటరిగా చెవిలో చెప్పవలెనని, నిద్రాహారములను అశ్రద్ధ చేయరాదని అందలి సారము. 1877లో తన పద్ధతిని చిన్నపుస్తకముగా వ్రాసెను. తప్పు జరిగిన పిదప దండించుట ఒకమార్గము. తప్పునకు అవకాశము కలుగకుండ వెంటనుండి కాపాడుట రెండవమార్గము. రెండవదానికి వివేకము, భక్తి, వాత్సల్యము అను మూడు ఆధారములు. కొట్టరాదు, నలుగురిలో అవమానింపరాదు, పూజలకు అవకాశమియ్యవలెను గాని సత్ప్రసాదము పుచ్చుకొనుమని బలవంతము చేయరాదు. ప్రేమించు గురువు ఒక్కసారి ముఖము త్రిప్పుకొనుటయే పిల్లవానికి తగిన శిక్ష.

ఈ పద్ధతి నిర్దుష్టమని చెప్పుట కష్టము. పిల్లలను ఒక్కక్షణమైనను ఒంటరిగా విడువరాదను నియమము కొందరికి ఊపిరాడనిదిగా తోచును. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. బెత్తము ఎవరైనను పట్టవచ్చును. వాత్సల్యమును ఉద్యోగధర్మముగా అప్పగించుట సాధ్యము కాదు. పాఠశాలలు పెరిగెను, ఉపాధ్యాయులు పెరిగిరి, నియమములు పెరిగెను. 1884 మే నెలలో వృద్ధుడై, రోమునగరమున ఉండి, ఆయన వల్దొక్కోకు ఒక లేఖ పంపెను. కలలో రెండు ఆటస్థలములను చూచినట్లు అందు వ్రాయించెను. మొదటిది పూర్వపు దినములది: పరుగులు, పాటలు, పిల్లలచుట్టు గురువులు. రెండవది ఆనాటిది: గోడలకానుకొని విసుగుతో నిలిచిన పిల్లలు, దూరముగా తమలోతాము మాటాడుకొను గురువులు. పిల్లలపై ప్రేమ లేదని ఆయన ఆక్షేపింపలేదు. ప్రేమ ఉన్నది, కాని ప్రేమింపబడుచున్నామని పిల్లలకు తెలియకున్నదని ఆయన దుఃఖము. నలుబది యేండ్లు కట్టిన ఇంటిలో నెఱ్ఱెను తానే చూపుట పెద్దలలో అరుదైన గుణము. తన పేరునకు మచ్చ యని ఆయన దాచలేదు.

1888 జనవరి 31వ తేదీ వేకువజామున, 72వ యేట, డాన్ బోస్కో కన్నుమూసెను. అంతిమయాత్రకు టూరిన్ వీధులు జనముతో నిండిపోయెను. 1934లో పోపు ఆయనను పునీతుడుగా ప్రకటించెను. సావియోకు 1954లో ఆ గౌరవము కలిగెను.

ఆయన పిమ్మట సభకు పెద్దయైన రువా కూడ ఒకప్పుడు ఆ ఆరటోరియో పిల్లలలో ఒకడే. పిల్లలకు పతకములు పంచుచున్న ఒకనాడు ఆ చిన్నవాడు చేయి చాపగా, బోస్కో తన యెడమచేతిని కుడిచేతితో సగము కోసి ఇచ్చునట్లు అభినయించెను. అన్నిటను చెరిసగము పంచుకొందుమని దాని భావమని రువాకు పెద్దయైన పిదప తెలిసెను. 1906లో, రువా అధికారమున నుండగా, శలేసియను గురువులు మొదటిసారి భారతదేశమునకు వచ్చి తంజావూరులో అనాథబాలుర గృహమును చేపట్టిరి.